పాడైన ఫ్రేములు

రాయ్‌పూర్‌లో పుల్లటి పెరుగు దొరకదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. నా ఫిర్యాదుల్లో మొదటిదీ, ఇంతవరకూ తీరనిదీ ఇదే. గుఢియారీ బజారులో మాకు పాలుపోసే డెయిరీ అతను గడ్డపెరుగు అమ్ముతాడు. కత్తితో కోయొచ్చు, కానీ తియ్యగా ఉంటుంది. నిన్నటిది, కాస్త పులిసింది ఉంటే ఇమ్మని అడిగితే నన్ను అదోలా చూసి, "ఖరాబ్ వాలా చాహియే?" అంటాడు. పాడైంది కావాలా అని. అలాంటిది అమ్మితే దుకాణం పేరు పోతుందని పొద్దున్నే మురిక్కాలవలో పోసేస్తాడట. నిజాయితీపరుడు. అతనితో వాదించడం మానేసి చాలా ఏళ్లయింది. ఇంట్లోనే తోడుపెట్టుకుంటాం. అది కూడా ఈ ఊరి నీళ్లకో ఏమో, తియ్యగానే తోడుకుంటుంది.

నేను సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. ఇనుపరాయిలో ఇనుమెంత, బొగ్గులో బూడిదెంత అని శాతాలు చెబుతాను. కెమిస్ట్రీ చదివినవాడికి ఇంతకన్నా ఉజ్వలమైన భవిష్యత్తు మా లెక్చరర్లు కూడా ఊహించలేదు. రాయినీ బొగ్గునీ కలిపి కాల్చే పొడుగాటి గొట్టాలుంటాయి. వాటిని ఇక్కడ అందరూ భట్టీలంటారు. లాక్‌డౌన్‌లో కొన్ని వారాలు మా భట్టీలు ఆగాయి. ఆ రోజుల్లో ఒక సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లి తలెత్తాను. మా ఇంటి మీద పదీ పన్నెండు నక్షత్రాలుంటాయని నాకు తెలుసు. ఆ రోజు లెక్క తప్పింది. మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ చాలాసేపు చూసి, "మా పలాసలో రోజూ ఇలగే ఉండేవండి. మీరెప్పుడూ అడగలేదు గానీ" అంది, అవేవో పుట్టింటివాళ్ల ఆస్తిలాగా.

ఆ ఆకాశాన్ని నమ్ముకుని కెమెరా కొన్నాను. ఏది కొనాలో తేల్చుకోవడానికి ఏడాది పైన పట్టింది. అది ఇల్లు చేరేసరికి భట్టీలన్నీ వెలిగాయి, ఆకాశం మళ్లీ పదీ పన్నెండుకి దిగింది.

అది నక్షత్రాల కోసమే పుట్టిన కెమెరా. బెంగుళూరులో ఒకాయన వాడి వదిలేసింది. అరచేతిలో పట్టే ఎర్ర డబ్బా. దానికి తెర లేదు, మీట లేదు, కన్నుపెట్టి చూసే కంత కూడా లేదు. వెనకాల చిన్న ఫ్యాను, లోపల సెన్సార్‌ని మంచు కన్నా చల్లగా ఉంచే ఏర్పాటు ఉన్నాయి. లాప్‌టాప్‌కి తగిలిస్తే తప్ప బతికుందో లేదో తెలియదు. ముందువైపు టెలిస్కోపు బిగించాలి. టెలిస్కోపు లేదు గనక, మా బజారులో మూతపడిన ఒక ఫోటో స్టూడియో నుంచి రెండు పాత లెన్సులు తెచ్చాను. ఒకటి యాభై మిల్లీమీటర్లది, రెండోది నూట ముప్పై అయిదుది. పెళ్లిపీటల మీద కూర్చున్నవాళ్లని తీసీ తీసీ అలిసిపోయిన లెన్సులు. వాటికి ఉద్యోగ విరమణ తరువాత నక్షత్రాల పని పడింది.

ప్రతి లెన్సు మీదా అనంతం గుర్తు ఉంటుంది, పడుకోబెట్టిన ఎనిమిది. అక్కడికి తిప్పితే నక్షత్రాలు స్పష్టంగా రావాలి. నాకు ఉడికిన సగ్గుబియ్యంలా వచ్చేవి. అసలైన అనంతం ఆ గుర్తుకి వెంట్రుకవాసి ఇవతల ఉందని కనుక్కోవడానికి రెండు వారాలు పట్టింది. కనుక్కుని, రింగు కదలకుండా ఎలక్ట్రీషియన్ టేపు చుట్టాను. చలి పెరిగితే అనంతం కూడా జరుగుతుందని ఆ తరువాత తెలిసింది. లెన్సుకీ కెమెరాకీ మధ్య దూరం రవంత తేడా వస్తే ఫోటో మూలల్లో నక్షత్రాలు కామాల్లా తోకలు పెట్టుకునేవి. ఆ దూరం సరిచేయడానికి పెళ్లి శుభలేఖ ఒకటి గుండ్రంగా కత్తిరించి మధ్యలో పెట్టాను. మంచి అట్ట.

ఇక ఈ విద్యలో అసలు పని ఫోటో తీయడం కాదు, తీసిన ఫోటోలోంచి అక్కర్లేనివి తీసేయడం. లెన్సుకి మూతపెట్టి చీకటిని ఫోటో తీయాలి, కెమెరా తనంతట తాను పుట్టించే మచ్చలు తెలియడానికి. తెల్లగుడ్డ కప్పి వెలుతుర్ని ఫోటో తీయాలి, లెన్సులోని దుమ్మూ నీడలూ తెలియడానికి. ఇవన్నీ అసలు ఫోటోలోంచి మినహాయించాలి. తెల్లగుడ్డ కోసం నా పంచె వాడాను.

"పండక్కి కట్టుకోమంటే కట్టరు గానీ కెమెరాకి కడతన్నారేటి?" అంది మా ఆవిడ.

"దీనికి బాగా నప్పింది."

"అవును, దానికి పొట్ట లేదు."

ఈ పంచె ఘట్టానికి ముందు ఒక పొరపాటు చేశాను. మొదటి నెల ఫోటోల్లో ఒక చోట గుండ్రటి నల్లమచ్చ కనిపించేది. వెనకున్న వెలుగుని కప్పేసే చీకటి మేఘాలు అంతరిక్షంలో ఉంటాయని చదివి ఉన్నాను. చదువుకున్నవాడితో వచ్చిన చిక్కే అది. మచ్చకి బాణం గుర్తు వేసి నక్షత్రాల ఫోటోలవాళ్ల గ్రూపులో పెట్టాను. "మా ఊరి నుంచి ఇది కూడా దొరుకుతోంది" అని వినయంగా రాశాను. ఎవరో ఒక్కరు మాత్రం జవాబిచ్చారు: మీ ఫోటోలు అన్నిటిలోనూ, ఆకాశంలో ఎటు తిప్పినా, అదే చోట ఉందేం? విప్పి చూస్తే సెన్సార్ మీది అద్దానికి అంటుకున్న నల్లటి నలుసు. జాగ్రత్తగా కాగితం మీదికి దులిపి ల్యాబుకి పట్టుకెళ్లి అయస్కాంతం దగ్గర పెట్టాను. లేచి నిలబడింది. ఇనుము శాతం చెప్పడం నా వృత్తి గనక చెబుతున్నాను, మంచి సరుకు. మా ఫ్యాక్టరీదే అయ్యుండాలి.

ఇక్కడ ధ్రువ నక్షత్రం గురించి చెప్పాలి. భూమి తిరుగుతుంది గనక నక్షత్రాలన్నీ జరుగుతాయి. వాటి వెంట కెమెరాని మెల్లగా తిప్పే చిన్న మోటారు ఒకటి ఉంటుంది. దాని ఇరుసుని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టాలి. అది ఒక్కటే జరగదు, ఉదయించదు, అస్తమించదు. మా రాయ్‌పూర్‌లో అది ఉత్తరాన బాగా కిందికి, ఆకాశం అంచున ఉంటుంది. మా మేడకి ఉత్తరాన ఉన్నది సిల్తారా. అంటే ఆకాశంలో ఏ మూల ఏది తీయాలన్నా, ముందు మా ఫ్యాక్టరీ పొగలోంచి ఆ చుక్కని వెతికి పట్టుకోవాలి. పగలంతా అక్కడే ఉండి వచ్చి రాత్రి మళ్లీ అటే చూడటం నా జాతకంలో రాసి ఉంది కాబోలు.

చలికి అనంతం ఎంత జరుగుతోందో కొలవడానికి ఆ నవంబరులో ఒక పరీక్ష మొదలుపెట్టాను. యాభై మిల్లీమీటర్ల లెన్సుని ధ్రువ నక్షత్రం వైపు పెట్టి స్టాండు మీద బిగించేవాణ్ణి. లాప్‌టాప్ దాని పాటికది రెండేసి నిమిషాలకొక ఫోటో తీసుకునేది. ప్రతి ఫోటో మీదా గంట, నిమిషం, సెకనుతో సహా పడేవి. నేను కిందికెళ్లి పడుకునేవాణ్ణి. ఈ విద్యలో ఒక్కో ఫోటోని ఫ్రేము అంటారు. పొద్దున్నే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేములో ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టి, తక్కువున్నవాటిని పాడైన ఫ్రేములని ఒక పక్కకి నెట్టేసేది. రోజూ ఒకే రకంగా నెట్టేది. రాత్రి ఒకటిన్నర దాకా బాగానే ఉండేవి. ఆ తరువాత చుక్కలు ఒక్కొక్కటే పలచబడి, కాసేపటికి ధ్రువ నక్షత్రం కూడా పోయేది. అయిదింటికి మళ్లీ వచ్చేది.

అస్తమించని నక్షత్రం రోజూ ఒకే వేళకి మాయమవుతోంది. గొప్ప ఖగోళ ఆవిష్కరణే గానీ, దానికి కారణం మా ఫ్యాక్టరీలో టీ పోసేవాడిక్కూడా తెలుసు. పొగలోంచి ధూళిని పట్టే యంత్రం చిమ్నీ దగ్గర ఉంటుంది. అది కరెంటు బాగా తాగుతుంది. ఊరు పడుకున్నాక దాన్ని ఆపేస్తారు. ఆ విషయం ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఫోటోల్లో చూసి కొత్తగా తెలుసుకున్నదేమీ లేదు. ఫ్రేములు దాచడం కూడా పనిగట్టుకుని చేసింది కాదు. హార్డ్ డిస్కులో చోటుంది.

మా పక్కింట్లో ఒక రిటైరైన నర్సమ్మ, ఆవిడ భర్త ఉంటారు. నర్సాపురం వైపు క్రైస్తవులు. ఆవిడ రైల్వే ఆసుపత్రిలో చేసింది. వీధిలో అందరికీ ఆవిడ సిస్టరమ్మే. ఆయన రైలు డ్రైవరు. సగం జీవితం సిల్తారా వైపు బొగ్గు బళ్లు లాగానని, ఆ బొగ్గంతా ఇప్పుడు తన గుండెల్లోకి దిగుమతి అవుతోందని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. మూడేళ్లుగా ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన ఆక్సిజన్ తయారుచేసే మషీను, ముక్కుకి గొట్టం. ఓపికున్న సాయంత్రాల్లో మెట్లెక్కి వాళ్ల మేడ మీద కుర్చీలో కూర్చుని, నా అవస్థ చూస్తూ పిట్టగోడ అవతల నుంచి అడిగేవాడు:

"ఏవయ్యా, సిగ్నలు దొరికిందా?"

"ఇంకా లేదన్నయ్యగారూ."

"దొరక్కుండా బండి కదపకు. చార్జిషీటు ఇస్తారు."

జనవరిలో ఒక సాయంత్రం సిస్టరమ్మ ఒక్కతే మేడ మీదికొచ్చింది. అప్పటికి నేను నూట ముప్పై అయిదు లెన్సుతో ఓరియన్ నెబ్యులా తీస్తున్నాను, వేటగాడి నక్షత్రాల కింద వేలాడే రంగు మేఘం. పిట్టగోడ మీద పెట్టిన లాప్‌టాప్ తెర మీద పాత ధ్రువ నక్షత్రం ఫ్రేములు తెరిచి ఉన్నాయి.

"ఇదేంటి తమ్ముడూ, టీవీ పోయినట్టు బూడిదగా ఉంది?"

"పాడైనవమ్మా. ఒకటిన్నర తరవాత తీసినవన్నీ ఇలాగే వచ్చాయి."

ఆవిడ కిందికెళ్లి ఒక పొడుగాటి నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ పైకొచ్చింది. అందులో ఆసుపత్రి డ్యూటీ చార్టులా గీతలు కొట్టి, గంట గంటకీ ఆయన రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో రాసుకుంది. ఉద్యోగం మానేసినా చార్టు మానలేదు.

"చూడు. ఒంటిగంటకి బానే ఉంటాడు. రెండు కొట్టేసరికి దిగిపోద్ది. రోజూ అంతే. డాక్టరేమో రాత్రుళ్లు అలాగే ఉంటదంటాడు. మరి ఇదిగో, డిసెంబరులో ఈ ఎనిమిది రోజులూ చూడు, తెల్లారేదాకా ఎక్కడా దిగలేదు. మనిషి హాయిగా పడుకున్నాడు. నేను ప్రార్థన ఫలించిందనుకున్నా."

ఆ తేదీలు చూశాను. నా ఫ్రేముల్లో ఆ ఎనిమిది రాత్రులూ ధ్రువ నక్షత్రం తెల్లవార్లూ ఉంది. అడగకుండానే నోరు జారాను.

"ఆ వారం మా భట్టీలు రిపేరుకి ఆపారమ్మా."

నా జీవితంలో ఎవరికైనా ఉపయోగపడే మాట నేను చెప్పానంటే అదొక్కటే. చెప్పిన మరుక్షణం నాలుక కరుచుకున్నాను.

సిస్టరమ్మ నోటుపుస్తకం మూసింది. మా ఫ్యాక్టరీవాళ్లు మరో భట్టీ పెట్టడానికి అనుమతి అడిగారు. దానికి మార్చిలో ధర్సీవాలో జన్ సున్‌వాయీ ఉంది. పెద్ద ఆఫీసరు వచ్చి టెంటు కింద కూర్చుంటే, చుట్టుపక్కల జనం తమ అభ్యంతరాలు చెప్పుకునే సభ. ఆవిడ అక్కడికి వెళ్లాలని అప్పటికే అనుకుంది.

"నా పుస్తకం ఒక్కటే పట్టుకెళ్తే ముసలాడి దగ్గంటారు. నీ ఫోటోలు కూడా ఉంటే టైముకి టైము సరిపోద్ది. ఆ పాడైనవి నాకు ఇయ్యి తమ్ముడూ. మంచివి నాకక్కర్లేదు."

ఇస్తానన్నాను. ఆ క్షణంలో నిజంగానే ఇద్దామనుకున్నాను. ఆ సంగతి నా తరఫున ఎవరైనా గుర్తుపెట్టుకుంటే బాగుండేది.

కిందికెళ్లి మా ఆవిడకి చెప్పాను.

"ఇస్తే ఏటవుతాది?" అంది.

"ఎవరు ఇచ్చారని అడుగుతారు. రాయ్‌పూర్‌లో ఇలాంటి కెమెరా ఉన్నవాణ్ణి పట్టుకోవడం కష్టం కాదు. ఉద్యోగం పోతుంది."

"ఇవ్వకపోతే?"

"ఏమీ అవదు."

"ఎవరికి?" అంది. స్టవ్ మీద కుక్కరు కూస్తే అటు వెళ్లిపోయింది.

భయపడుతున్నానని సిస్టరమ్మకి చెప్పలేదు. అంత చిన్న మాట నాకు దొరకలేదు. దాని బదులు నా దగ్గర పెద్ద మాటలు చాలా ఉన్నాయి, ఏడాదిగా కష్టపడి నేర్చుకున్నవి. మొదటి వారం ఆవిడ అడిగినప్పుడు, ఫైళ్లు మామూలు కంప్యూటర్లో తెరుచుకోవు, వేరే రకంలోకి మార్చాలన్నాను. అది నిజమే, పది నిమిషాల పని. రెండో వారం, మూతపెట్టి తీయాల్సినవి ఇంకా తీయలేదు, అవి మినహాయించకపోతే ఆఫీసరు ఒప్పుకోడన్నాను. ఆఫీసరుకి మూతపెట్టి తీసే ఫోటోల సంగతి తెలిసుంటే అతనూ నా గ్రూపులోనే ఉండేవాడు. మూడో వారం, తెల్లగుడ్డ కప్పి తీయాలన్నాను. ప్రతిసారీ ఆవిడ తల ఊపేది.

"సర్లే తమ్ముడూ, పద్ధతి ప్రకారమే చెయ్యి. తొందరపడి తప్పుడు రిపోర్టు ఇస్తే మనిషి పోతాడు. మా వార్డులో నేనూ అంతే, డాక్టరు ఎంత అరిచినా రెండుసార్లు చూడందే సంతకం పెట్టేదాన్ని కాదు."

ఆవిడ జీవితమంతా పద్ధతిని గౌరవించింది. ఆ గౌరవం వెనకాలే నేను దాక్కున్నాను.

ఆ వారాల్లోనే నా ఓరియన్ తయారైంది. నెలన్నర రాత్రులు తీసిన ఫ్రేముల్లో సాఫ్ట్‌వేర్ సగానికి పైగా పారేసింది. ఒకటిన్నరకి ముందు తీసినవే మిగిలాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, ఉత్తరం వైపు నుంచి వచ్చే నారింజ రంగు మసకని తుడిచేసే మీట ఒకటుంటే అది నొక్కి, మిగిలినదానికి రంగు తేల్చాను. గులాబీ రంగు మేఘం, మధ్యలో నీలం. పాత పెళ్లి లెన్సు ఇంత పని చేస్తుందని నేనే నమ్మలేకపోయాను. నా తెలివితేటలకి సాక్ష్యంగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను.

మర్నాడు మా పెద్ద సాబు కబురంపాడు. ఇరవై రెండేళ్లలో ఆయన నన్ను పిలిచిన ప్రతిసారీ బూడిద శాతం ఎందుకు ఎక్కువొచ్చిందని అడగడానికే. ఆ రోజు కుర్చీ చూపించాడు.

"ఈ ఫోటో నువ్వు తీసిందేనా? మన రాయ్‌పూర్ నుంచా? ఇంటి మేడ మీద నుంచా?"

"అవును సర్."

"కమాల్ హై! పెద్ద సైజుది ఒకటి పంపించు."

ఎందుకని అడగలేదు. అడగకపోవడానికి భయం కారణమని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి సంతోషమే కారణం. ఒక మనిషి నెలన్నరగా పాడైన ఫ్రేముల కోసం అడుగుతోంది. ఇంకొకడు మంచిది అడిగాడు. పది నిమిషాల్లో పంపించాను. అంత పెద్ద సైజుకి మార్చడానికి నాకు ఏ పద్ధతీ అడ్డురాలేదు.

జన్ సున్‌వాయీ రోజు మా ల్యాబువాళ్లందరినీ కంపెనీ బస్సులో తీసుకెళ్లారు. తెల్ల టోపీలిచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. మా వెనకాల ఊళ్లవాళ్లు కూర్చున్నారు. సిస్టరమ్మ రెండు ఆటోలు మారి వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, నోటుపుస్తకం ఛాతీకి ఆనించి పట్టుకుని, తన వంతు వచ్చాక మైకు దగ్గరికెళ్లింది. రైల్వే హిందీలో, తొందర లేకుండా, వార్డులో రోగి సంగతి చెప్పినట్టు చెప్పింది. రెండు గంటలకి దిగుతుంది. అయిదింటికి ఎక్కుతుంది. ఎనిమిది రోజులు దిగలేదు. ఆఫీసరు మర్యాదస్తుడు. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మాతాజీ, బీమారీ కీ కయీ వజహ్ హోతీ హై" అన్నాడు. జబ్బుకి కారణాలు చాలా ఉంటాయి. ఆ పొగ అక్కడిదేనని, ఆ టైముకే వస్తుందని చూపించడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.

ఆవిడ ముందు వరసల మీదుగా చూసింది. తెల్లటోపీల్లో నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. పేరు చెబుతుందనుకున్నాను. టోపీ ఇంకొంచెం కిందికి లాక్కున్నాను.

"ఉంది సాబ్. ఫోటోలున్నాయి. అభీ తయ్యార్ నహీ హై" అంది. ఇంకా తయారవలేదని. "పద్ధతి ప్రకారం చెయ్యాలంట. అయ్యాక పంపిస్తాను."

వెనక ఎవరో నవ్వారు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. ఆవిడ వెళ్లి కూర్చుంది.

తరువాత మా పెద్ద సాబు లేచాడు. మైకు వెనకాల తెర మీద చిమ్నీలు, మొక్కలు, మొక్కలకి నీళ్లుపోస్తున్న మా వాళ్లు కనిపించారు. చివరన తెరంతా నిండి నా ఓరియన్ వెలిగింది. మా ఉద్యోగి ఒకరు ఇంటి మేడ మీద నుంచి మామూలు లెన్సుతో తీశారు, వెయ్యి కాంతి సంవత్సరాల అవతల ఉన్న మేఘం కూడా రాయ్‌పూర్ నుంచి ఇంత సాఫ్‌గా కనబడుతోంది, ఇక్కడి గాలి గురించి నేను వేరే చెప్పాలా అన్నాడు. నన్ను నిలబడమన్నాడు. నిలబడ్డాను.

"యే ఫోటో ఆప్‌కా హై?" అని అడిగాడు ఆఫీసరు, ఈ ఫోటో మీదేనా అని.

"జీ సర్."

"యహీ రాయ్‌పూర్ సే?" ఈ రాయ్‌పూర్ నుంచేనా అని.

"జీ సర్."

నేను అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అడిగిన రెండింటికీ నిజమే చెప్పాను. తెల్లటోపీలన్నీ చప్పట్లు కొట్టాయి. అంత పెద్ద తెర మీద చూస్తే నక్షత్రాలు మూలల్లో ఇంకా కొద్దిగా కామాల్లాగే ఉన్నాయి. దాన్నే చూస్తూ నిలబడ్డాను, వెనక్కి తిరిగి చూడకుండా ఉండటానికి అదొక సాకు.

ఆ తరువాత సిస్టరమ్మ ఫోటోలు అడగలేదు. వీధిలో ఎదురైతే, "భోజనాలయ్యాయా?" అని అడిగేది, అందరినీ అడిగినట్టే. మేడ మీదికి మాత్రం రావడం మానేసింది. నేనూ కెమెరా తీయడం మానేశాను. ఎండాకాలం, దుమ్ము, మబ్బు అని గ్రూపులో రాశాను.

వానాకాలం మధ్యలో కొత్త భట్టీకి అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీలో లడ్డూలు పంచారు. అదే నెలలో సిస్టరమ్మ భర్తని తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తెచ్చారు. అంతకుముందు రాత్రుళ్లు మాత్రమే పెట్టుకునే గొట్టం ఇప్పుడు పగలూ రాత్రీ ఉంటోంది. మెట్లెక్కడం అయిపోయింది. మషీను చప్పుడు గోడ ఇవతలికి మాకు వినిపిస్తుంది. మా ఆవిడ రెండు రోజులకొకసారి వాళ్లింటికి చారు పట్టుకెళ్తుంది. నన్ను రమ్మని అనదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఫ్రేములన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నవంబరు నుంచి జనవరి దాకా ఉన్న ధ్రువ నక్షత్రం రాత్రులన్నీ, ఎనిమిది మంచి రాత్రులతో సహా, ఎవరైనా తెరవగలిగే రకంలోకి మార్చి, ఒక్కో రాత్రికి ఒక ఫోల్డరు పెట్టి, ఏది ఏమిటో హిందీలో ఒక కాగితం రాసి జతచేశాను. చెప్పాను కదా, పది నిమిషాల పని. కాగితం రాయడానికి ఇంకో అరగంట పట్టింది.

పక్కింటికి వెళ్లేసరికి సిస్టరమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని, గొట్టం ఒరుసుకుని ఎర్రబడిన ముక్కు పక్కన కొబ్బరినూనె రాస్తోంది. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు. సిగ్నలు సంగతి అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. మాట్లాడితే ఆయాసం వస్తోందట.

"ఇవి తెచ్చానమ్మా" అన్నాను. "ఆ ఫోటోలు. అన్నీ ఉన్నాయి. ఎవరు ఇచ్చారని అడిగితే నా పేరు చెప్పండి. మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చట, పైన ఇంకో ఆఫీసు ఉందట, కనుక్కున్నాను."

ఆవిడ చేతికున్న నూనె చీరచెంగుకి తుడుచుకుని పెన్‌డ్రైవ్ తీసుకుంది. ఇటూ అటూ తిప్పి చూసింది. నేను రాసిన కాగితం కూడా మొత్తం చదివింది, సంతకం పెట్టేముందు రెండుసార్లు చూసే మనిషి గనక రెండుసార్లు చదివింది. తరువాత కాగితాన్ని మడిచి, పెన్‌డ్రైవ్‌తో కలిపి నా చేతిలో పెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆయన వినకూడదన్నట్టు కొంచెం తగ్గించి మాత్రం అంది:

"భయమేస్తోందని ఆ రోజే చెప్పుంటే, నేను ఇంకోణ్ణి వెతుక్కునేదాన్ని కదా తమ్ముడూ."